సువార్త తీర్మానాల పుస్తకంలోకి రావాలి: చెన్నై తెలుగు సంఘాల పెద్దలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన కాపరులకు, సంఘ పెద్దలకు, కార్యదర్శులకు, కోశాధికారులకు, స్త్రీల సమాజం నాయకురాళ్లకు,

ప్రభువైన యేసుక్రీస్తు నామంలో వందనాలు.

పెరంబూరు, వ్యాసర్‌పాడి, పులియంతోపు, కొరుక్కుపేట, రాయపురం, ఆవడి ప్రాంతాల్లో తెలుగు ఆరాధనలకు వెళ్లేవాళ్లం మేము. మా శాఖలు ఒకటి కాదు. బాప్టిస్టులం, లూథరన్లం, సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్లం, పెంతెకోస్తు వాళ్లం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. మాలో లెక్కలు చూసేవాళ్లున్నారు, ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లున్నారు, కోర్టు పనులు తెలిసినవాళ్లున్నారు. ఇది ఏ ఒక్క సంఘం మీదా ఫిర్యాదు కాదు. మేం అడిగేది ఒక్కటే. వచ్చే ఏడాది బడ్జెట్ రాసేముందు, ప్రభువు చేయమన్న పనుల్లో కొన్నింటినైనా తీర్మానాల పుస్తకంలోకి ఎక్కించండి. ఎంత డబ్బు, ఎవరి బాధ్యత, ఏ తేదీలోగా అన్నది రాసి సంతకాలు పెట్టండి. ప్రసంగంలో విన్నమాట మధ్యాహ్నం భోజనాలకల్లా చల్లారిపోతుంది. తీర్మానం అలా కాదు, వచ్చే నెల కూడికలో ఎవరో ఒకరు లేచి దాని సంగతేమైందని అడుగుతారు.

మన వేదికల మీద తరచూ వినిపించే సంఖ్య ఒకటుంది. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో గుండ్లకమ్మ నదిలో ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ అంకె మనలో చాలామందికి కంఠతా వచ్చు. దానికి ముందు జరిగింది మాత్రం అంతగా చెప్పరు. 1876 నుంచి 1878 వరకు మద్రాసు రాజధానిని మహా కరువు పట్టి పీడించింది. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. ఆకలితో వచ్చినవాళ్లకు పార, తట్ట ఇచ్చి కూలి కట్టాడు. అంతకన్నా పెద్ద సంగతి, ఆ సాయం నడిచినంత కాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. గంజి కోసం మతం మారారన్న మాట ఎవరి మీదా పడకూడదని ఆయన జాగ్రత్త. ఆ కాలువే ఇవాళ మన ఊరి మధ్య నుంచి నల్లగా పారుతోంది. దాని పక్కనే ఉన్న సంఘాల్లో సాయం అడిగినవాళ్ల హాజరు ముందు చూస్తున్నాం, తర్వాత అవసరం చూస్తున్నాం.

అందుకే మొదట సహాయ నిధి గురించి చెబుతాం. ఎక్కువగా చెప్పాల్సింది కూడా దాని గురించే.

మన దగ్గర సాయం అంటే క్రిస్మస్‌కు ముందు చీరలు, దుప్పట్లు పంచడం. వరసలో నిలబెట్టడం, ఒక్కొక్కరి చేతిలో పెడుతూ ఫోటో తీయడం, ఆ ఫోటో వాట్సాప్ గ్రూపులో పెట్టడం. ధర్మం చేసేటప్పుడు ముందు బాకా ఊదించుకోవద్దనీ, కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదనీ మత్తయి 6వ అధ్యాయంలో ఉంది. దాన్ని ఎంత తేలిగ్గా తీసుకున్నామంటే మందిరంలో ఫ్యాన్ల రెక్కల మీద కూడా దాతల పేర్లు రాయించాం. ఫ్యాను తిరుగుతున్నంతసేపూ పేరు కనపడదు గనుక, కరెంటు ఉన్నప్పుడు మాత్రం అది రహస్య దానమే.

రహస్యంగా ఇవ్వడం అంటే లెక్క లేకుండా ఇవ్వడం కాదు. ఇక్కడే చాలా సంఘాలు తప్పటడుగు వేస్తాయి. గుట్టుగా ఉండాలని నిధిని ఒక్క కాపరిగారి చేతిలో పెడతారు. ఆయన ఎంత నిజాయితీపరుడైనా రెండేళ్లలో రెండు జరుగుతాయి. అవసరంలో ఉన్నవాళ్లు ఆయన ఇంటి చుట్టూ తిరగడం మొదలుపెడతారు, అడగలేనివాళ్లు వెనకబడిపోతారు. రెండోది, ఎవరికి ఎంత ఇచ్చారన్న గుసగుస పుడుతుంది. దానికి జవాబివ్వడానికి ఆయన దగ్గర కాగితం ఉండదు.

మంచి సమరయుడు చేసిన పనిని లూకా 10లో ఒకసారి కోశాధికారి కళ్లతో చదవండి. దెబ్బలు తిన్నవాడి ఊరూ పేరూ అడగలేదు. ముందు నూనె, ద్రాక్షారసం పోసి గాయాలు కట్టాడు. తర్వాత తన వాహనం మీద సత్రానికి చేర్చాడు. మర్నాడు రెండు దేనారాలు తీసి సత్రం యజమానికిచ్చాడు. గాయపడ్డవాడి చేతిలో పెట్టలేదు. దేనారం ఒక రోజు కూలి, కాబట్టి అది రెండు రోజుల కూలి. ఇంకేమైనా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు ఇస్తానని గడువు కూడా పెట్టుకున్నాడు. తక్షణ సాయం, సేవ చేసేవాడికే నేరుగా చెల్లింపు, పరిమితి, మళ్లీ వచ్చి చూసుకోవడం. ఏ సహాయ నిధికైనా ఇంతకు మించిన నియమావళి అక్కర్లేదు.

దాన్ని మన సంఘంలో ఇలా అమలు చేయవచ్చు. బడ్జెట్‌లో మొదటి పద్దు సహాయ నిధి కావాలి. అన్నీ పోగా మిగిలింది కాదు, వచ్చిన కానుకల్లో ముందే తీసిపెట్టిన పదో వంతు. నెలకు 60,000 వచ్చే సంఘంలో 6,000. సౌండ్ సిస్టమ్ కిస్తీ దాని తర్వాతే. నిధిని ముగ్గురు చూడాలి. వారిలో కనీసం ఒకరు స్త్రీ కావాలి, ఎందుకంటే గర్భస్రావం గురించో తాగుబోతు మొగుడి గురించో ముగ్గురు మగవాళ్ల ముందు ఏ ఆడమనిషీ నోరు విప్పదు. ముగ్గురిలో ఏ ఇద్దరూ ఒకే కుటుంబం కాకూడదు. కాపరిగారు వాళ్లకు పేర్లు సూచించవచ్చు గాని డబ్బు ఆయన చేతి మీదుగా పోకూడదు. అది ఆయనకే రక్షణ.

ప్రతి కేసుకూ ఒక నంబరు ఇవ్వండి. పేరు, చిరునామా ఉన్న పుస్తకం బీరువాలో ఉంటుంది, ఆ ముగ్గురే చూస్తారు. సంఘానికి ప్రతి నెలా చదివే నివేదికలో నంబరు, అవసరం, మొత్తం మాత్రమే ఉంటాయి: "7వ నంబరు, మందులు, 2,400 రూపాయలు". ఏడాది చివర ఆడిటరు రెంటినీ పోల్చి చూస్తాడు. ఇలా చేస్తే కుడిచెయ్యి చేసింది ఎడమచేతికి తెలియదు, అయినా లెక్క తప్పదు. 5,000 వరకు ముగ్గురే నిర్ణయించవచ్చు, రెండు రోజుల్లోగా. అంతకు మించితే కమిటీ ముందుకు, అక్కడా పేరు లేకుండానే. వీలైనంతవరకు డబ్బు మందుల షాపుకో, బడి ఫీజు కౌంటరుకో, ఇంటి యజమానికో నేరుగా పంపండి, రసీదు అడగండి. బియ్యం, పప్పు అవసరమైన చోట మాత్రం డబ్బే ఇవ్వండి. ఏ సరుకు ఎక్కడ చౌకో ఆ ఇల్లాలికి మీకన్నా బాగా తెలుసు.

నిధి కన్నా ముందు కానుకల లెక్కింపు సరిచేయాలి. సంచి మోసినవాళ్లు లెక్కించకూడదు. బంధుత్వం లేని ఇద్దరు, మూసిన గది కాకుండా అందరికీ కనిపించే బల్ల దగ్గర, నోట్ల విలువలవారీగా చీటీ రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. సోమవారం బ్యాంకులో వేసిన మొత్తం ఆ చీటీతో సరిపోవాలి. ఆదివారం సాయంత్రమే ఆ డబ్బులోంచి ఖర్చులు తీసి మిగిలింది మాత్రమే జమ చేసే అలవాటు మన దగ్గర బలంగా ఉంది. కలహాలన్నీ అక్కడే మొదలవుతాయి. ఖర్చుకు వేరే చెక్కు, వేరే వోచరు.

ఇక అడిగేవాళ్లను ఏమేమి అడగకూడదు? దశమభాగం ఇస్తున్నావా, ఎన్ని ఆదివారాలు వచ్చావు, బాప్తిస్మం తీసుకున్నావా అని అడగకూడదు. సాయం అందాక సాక్ష్యం చెప్పమని వేదిక ఎక్కించకూడదు. అడగాల్సినవి: ఎంత కావాలి, ఎప్పటిలోగా, ఇంకెవరు సాయం చేస్తున్నారు, ప్రభుత్వం నుంచి రావలసింది ఏదైనా ఆగిందా. చివరి ప్రశ్న చాలామంది మరచిపోతారు. ఆంధ్ర నుంచి పనికి వచ్చిన కుటుంబానికి జాతీయ ఆహార భద్రతా చట్టం కింద కార్డు ఉంటే, ఒకే దేశం ఒకే రేషన్ పద్ధతిలో ఆ బియ్యం ఇక్కడి రేషన్ షాపులోనే వేలిముద్ర వేసి తీసుకోవచ్చు. రాష్ట్రం సొంతంగా ఇచ్చిన కార్డులకు ఇది వర్తించదు. కుటుంబ సభ్యుల ఆధార్ ఆ రేషన్ కార్డుకు అనుసంధానం కాకపోతే షాపులో తిప్పి పంపేస్తారు. నెలకు ఒక సంచి బియ్యం కొనివ్వడం కన్నా ఆ చిక్కు ఒక్కసారి విడదీయడం మేలు.

అప్పుల సంగతికి వద్దాం. మన సంఘాల్లో స్త్రీలు ఎక్కువగా ప్రార్థన కోరేది అప్పుల బాధ గురించే. ఈ ఊళ్లో తండల్ లెక్క అందరికీ తెలిసిందే: 10,000 అప్పు అని రాయించుకుని 8,500 చేతికిచ్చి, రోజుకు 100 చొప్పున 100 రోజులు వసూలు చేస్తారు. చూడ్డానికి 1,500 వడ్డీ. అసలు మాత్రం రోజురోజుకూ తరిగిపోతూ ఉంటుంది గనుక సగటున సగం సొమ్మే ఆమె దగ్గర ఉంటుంది. ఏడాదికి లెక్కగడితే వడ్డీ నూరు శాతం దాటిపోతుంది. కంతు వడ్డీ, మీటర్ వడ్డీ అనే ఇతర అధిక వడ్డీ అప్పులు దీనికన్నా ఘోరం. అధిక వడ్డీని నిషేధిస్తూ తమిళనాడులో 2003 నుంచి చట్టం ఉంది. అయినా ఫిర్యాదు ఇచ్చే ధైర్యం ఒంటరి స్త్రీకి రాదు. సంఘం నుంచి ఇద్దరు తోడు వెళితే వస్తుంది.

తిరిగి రాదని తెలిసినా అప్పివ్వమని లూకా 6:35 చెబుతోంది. దాన్ని మనం ఆత్మీయ అర్థంలోకి జరిపేశాం. వడ్డీ లేని చిన్న అప్పుల నిధి ఏ మధ్యతరగతి సంఘానికైనా సాధ్యమే. లక్ష రూపాయలతో మొదలుపెట్టండి. ఒక్కొక్కరికి 5,000 నుంచి 10,000 వరకు, పది నెలల కిస్తీల్లో. హామీగా బంగారం, ఖాళీ చెక్కు, ఏటీఎం కార్డు, రేషన్ కార్డు ఏదీ తీసుకోవద్దు. వడ్డీ వ్యాపారులు చేసేది అదే. రెండు కిస్తీలు తప్పితే నిధి చూసే ఇద్దరు ఇంటికి వెళ్లాలి, వసూలుకు కాదు, కారణం తెలుసుకోవడానికి. పని పోయిందంటే గడువు పెంచండి. మనిషి మంచాన పడ్డాడంటే రద్దు చేయండి. ఆ రద్దు కోసం మొదటిరోజే నిధిలో ఐదో వంతు పక్కన పెట్టి తీర్మానంలో రాసుకోండి. ఇలా ముందే రాసుకోని నిధులు మొదటి ఎగవేతతోనే కోపంతో మూతపడతాయి. మరొక ప్రమాదం, కమిటీ సభ్యులే ముందు వరసలో నిలబడి తీసుకోవడం. పదవిలో ఉన్నంతకాలం వాళ్లకూ, వాళ్ల ఇంటివాళ్లకూ ఈ నిధి నుంచి అప్పు లేదని రాయండి.

మత్తయి 18 చివర్లో ఉన్న అప్పుల ఉపమానాన్ని చాలాసార్లు తప్పు కొలతతో చెబుతున్నారు. రాజు పదివేల తలాంతుల అప్పు క్షమించిన దాసుడు, తోటి దాసుణ్ణి నూరు దేనారాల కోసం పట్టుకుంటాడు. పదివేల తలాంతులు పెద్ద మొత్తం, నూరు దేనారాలు చిల్లర అంటారు. తలాంతు సుమారు 6,000 దేనారాలు. అంటే పదివేల తలాంతులు ఆరు కోట్ల దినాల కూలి, ఏడాదికి 300 పనిదినాల చొప్పున రెండు లక్షల ఏళ్ల సంపాదన. ఎవరూ తీర్చలేరు. నూరు దేనారాలు మాత్రం చిల్లర కాదు, వంద రోజుల కూలి. రోజుకు 600 చొప్పున 60,000 రూపాయలు. పులియంతోపులో ఒక కుటుంబాన్ని రోడ్డు మీదికి ఈడ్చేంత అప్పు. క్షమించమని ప్రభువు చెప్పింది నొప్పి కలిగించే మొత్తాన్నే. ఇది తెలిసి చెబితే ప్రసంగం బరువు మారుతుంది.

అదే అధ్యాయంలో 15 నుంచి 17 వరకు వచనాల్లో తగవులు తీర్చే పద్ధతి ఉంది. మొదట ఒక్కడివే వెళ్లి అతనితో మాట్లాడు. వినకపోతే ఒకరిద్దరిని తీసుకెళ్లు. అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు. మనం దాన్ని తలకిందులు చేశాం. మొదట వాట్సాప్ గ్రూపు, తర్వాత వేదిక మీద నుంచి పేరు చెప్పకుండా అందరికీ అర్థమయ్యే విసుర్లు, చివరికి ఎప్పుడో ముఖాముఖి. సంఘాలు చీలినప్పుడు సిద్ధాంతం పేరు చెబుతారు గాని, చాలాసార్లు అసలు కారణం ఈ వరస తప్పడమే.

తీర్మానంగా రాయాలంటే: ఫిర్యాదు తెచ్చినవారిని కార్యదర్శి మొదట అడగాల్సిన ప్రశ్న, "మీరు ఆయనతో ఒంటరిగా మాట్లాడారా, ఎప్పుడు?" మాట్లాడకపోతే వారం గడువు ఇచ్చి పంపండి. రెండో మెట్టులో వెళ్లే ఇద్దరిలో ఒకరిని అవతలివారు ఎంచుకోనివ్వండి, లేకపోతే అది సాక్ష్యం కాదు, ముట్టడి. ఏం ఒప్పుకున్నారో రెండు వాక్యాల్లో రాసి ఇద్దరికీ ఒక్కో ప్రతి. మూడో మెట్టు సంఘ సభే, ఆదివారం ప్రసంగం కాదు. బల్లారాధనకు ముందు వారం ఈ సంగతి గుర్తు చేయండి. కానుక బలిపీఠం దగ్గర వదిలిపెట్టి ముందు సమాధానపడి రమ్మని మత్తయి 5:23, 24లో ఉన్నది ఆ వారం కోసమే అన్నట్టుంటుంది.

అయితే ఈ మూడు మెట్ల పద్ధతి నేరాలకు వర్తించదు. ఈ ఒక్క మాట మీద మాకు రాజీ లేదు. పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిసినా, అనుమానం కలిగినా, 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు, సంస్థను నడిపేవారు తమ కింద పనిచేసేవారి విషయం దాచితే ఏడాది వరకు. పెద్దలు కూర్చుని, ఆ మనిషిని పిలిచి, కన్నీళ్లతో ప్రార్థన చేయించి, పాప చేత అతనితో "క్షమించాను" అనిపించి పంపేయడం సువార్త కాదు. చిన్నవారిలో ఒకరిని అభ్యంతరపరచేవాడి మెడకు తిరుగటిరాయి కట్టి సముద్రంలో పడవేయడం మేలన్న మాట కూడా అదే 18వ అధ్యాయంలో, తగవుల వచనాలకు కాస్త ముందే ఉంది. పిల్లల సహాయ నంబరు 1098, స్త్రీలకు 181. ఈ రెండూ సండే స్కూల్ గది గోడ మీద పెద్ద అక్షరాల్లో రాయండి. సండే స్కూల్‌లో ఎప్పుడూ ఇద్దరు టీచర్లు ఉండాలి, తలుపు తెరిచి ఉండాలి. భర్త కొడుతున్నాడని వచ్చిన స్త్రీని "ఒంటరిగా వెళ్లి మాట్లాడు" అని మొదటి మెట్టుకు పంపకండి. ముందు ఆమె ఆ రాత్రి ఎక్కడ పడుకుంటుందో చూడండి.

కూలి గురించి. పనివాడు జీతానికి అర్హుడని లూకా 10:7. ద్రాక్షతోట యజమాని సాయంకాలం కాగానే కూలి ఇప్పించాడు, చివర వచ్చినవాడికీ రోజు గడిచేంత ఇచ్చాడు. మన మందిరం ఊడ్చే ఆవిడకు ఎంత ఇస్తున్నాం? చాలా సంఘాల్లో "ఇది పరిచర్య" అని చెప్పి, బయట ఇచ్చే దానిలో సగమే ఇస్తున్నారు. పరిచర్య కమిటీ సభ్యులు చేయవచ్చు, పొట్టకూటి కోసం వచ్చినవారి చేత చేయించకూడదు. నెల ఐదో తేదీలోగా బ్యాంకు ఖాతాలో జీతం, వారానికి ఒక రోజు సెలవు, ఆదివారం ఆమెకు అత్యధిక పనిదినం గనుక ఆ సెలవు వేరే రోజున. కీబోర్డు వాయించే అబ్బాయికీ, వాచ్‌మన్‌కూ ఇదే లెక్క.

చెన్నై కార్పొరేషన్ పారిశుద్ధ్య పనిలో తరతరాలుగా తెలుగు కుటుంబాలు ఉన్నాయి. వాళ్లలో చాలామంది మన బెంచీల మీద కూర్చునేవాళ్లే, ఇంకా చెప్పాలంటే మన సంఘాలను నిలబెట్టినవాళ్లు. మనుషుల చేత మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం మురుగు కాలువలోకి, సెప్టిక్ ట్యాంకులోకి రక్షణ పరికరాలు లేకుండా మనిషిని దించడం నేరం. మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. పనికి పిలిచిన ఏ వ్యక్తికైనా ఇది వర్తిస్తుంది, మందిరం కమిటీకి కూడా. ట్యాంకు నిండితే పీల్చే లారీని పిలవండి. "మనవాడే, చూసుకుంటాడు" అని సంఘంలోని మనిషిని దించకండి. అడుగున చేరే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు ఎక్కువైతే ముక్కుకు వాసన కూడా తెలియదు, మనిషి ఒకట్రెండు ఊపిరుల్లో పడిపోతాడు. తీయడానికి దిగిన రెండోవాడూ పోయేది అందుకే.

అలాంటి మరణం మన సభ్యుల ఇంట్లో జరిగితే సంఘం చేయాల్సిన మొదటి పని సమాధి కూడిక కాదు. కాంట్రాక్టరు మనుషులు అదే రాత్రి కొంత డబ్బు తెచ్చి సంతకం అడుగుతారు. సంతకం పెట్టనివ్వకండి. ఎఫ్.ఐ.ఆర్., పోస్ట్‌మార్టం జరగాలి, మురుగు పనిలో చనిపోయాడని అందులో రాయించాలి. నష్టపరిహారాన్ని సుప్రీంకోర్టు 2014లో 10 లక్షలుగా నిర్ణయించింది, 2023 అక్టోబరులో 30 లక్షలకు పెంచింది. గుండెపోటు అని రాసిన కాగితం మీద సంతకం పడితే ఆ కుటుంబానికి అది దక్కకుండా పోతుంది.

పెళ్లిళ్ల విషయం క్లుప్తంగా. మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు, అభ్యంతరం ఉంటే చెప్పమంటారు. కట్నం సంగతి అందరికీ తెలిసినా ఎవరూ లేవరు. ఇవ్వడమూ తీసుకోవడమూ నేరమే, తక్కువలో తక్కువ అయిదేళ్ల జైలు అని 1961 వరకట్న నిషేధ చట్టం చెబుతోంది. కాపరిగారు పెళ్లి తేదీ ఖాయం చేసేముందు ఇరుపక్షాలనూ విడివిడిగా అడగాలి. కానుకల జాబితా చట్టం అడిగిన ప్రకారం వధువు, వరుడు సంతకం చేసి ఇవ్వాలి. ఒక ప్రతి సంఘం దగ్గర ఉండాలి. "అవునంటే అవును" అని మత్తయి 5:37 చెప్పే మాట పెళ్లి రిజిస్టరు దగ్గరే పరీక్షకు నిలుస్తుంది. ఒక్క సంఘం ఇలా చేస్తే జనం పక్క సంఘానికి పోతారు. అందుకే ఈ తీర్మానం ఒక ప్రాంతంలోని సంఘాలన్నీ ఒకే నెలలో చేయాలి.

రోగినై ఉన్నప్పుడు, చెరసాలలో ఉన్నప్పుడు చూడవచ్చారన్న మత్తయి 25 మాట. నెల్లూరు, గూడూరు, తిరుపతి వైపు నుంచి రోజూ రోగులు సెంట్రల్ స్టేషన్‌లో దిగి ఎదురుగా ఉన్న ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికీ, రాయపురంలో స్టాన్లీకీ వస్తారు. వాళ్లకు మొదట కావలసింది పాట కాదు, తమిళం చదివే మనిషి. ఏ కౌంటరులో చీటీ, స్కానింగ్ ఏ తేదీ, రక్తం కోసం ఎక్కడికి వెళ్లాలి. వారానికి రెండు ఉదయాలు, ఏడున్నర నుంచి పదకొండు వరకు, తెలుగు, తమిళం రెండూ వచ్చిన ఇద్దరు అక్కడ ఉంటే చాలు. తమిళనాడు ముఖ్యమంత్రి బీమా ఆంధ్ర వాళ్లకు వర్తించదు. తమ రాష్ట్ర పథకం కింద ఇక్కడ ఏ ఆసుపత్రికి అనుమతి ఉందో బయల్దేరకముందే అక్కడి ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే వైద్య మిత్రను అడిగి రావాలని మన ఊళ్లలోని సంఘాలకు చెప్పండి. వార్డులో పది నిమిషాలకు మించి ఉండకండి, పక్క మంచం వాళ్లకు వినపడేలా ప్రార్థించకండి. మందులు ఆపమని ఎవరైనా పరిచారకుడు చెబితే, ఆయనను ఆ పని నుంచి తప్పించండి. టీబీ మాత్రలు మధ్యలో మానేస్తే మందులకు లొంగని టీబీగా మారుతుంది. కుష్ఠరోగిని ముట్టి బాగుచేసిన ప్రభువే అతన్ని యాజకుడికి చూపించుకోమని పంపాడు, అప్పటి ఆరోగ్య ధ్రువీకరణ అదే.

చెన్నైలోని పుళల్ జైలు విషయంలో కేకులు పంచే కార్యక్రమం కన్నా ఉపయోగమైనది ఒకటుంది. బెయిలు వచ్చినా పూచీకత్తు ఇచ్చేవాళ్లు లేక లోపలే ఉండిపోయేవాళ్లు ఉంటారు. వేరే రాష్ట్రం వాళ్లకు ఈ చిక్కు మరీ ఎక్కువ. బెయిలు వచ్చిన ఏడు రోజుల్లో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెలపాలనీ, నెలలోగా పూచీకత్తు ఇవ్వలేకపోతే కోర్టు షరతులు సడలించే విషయం పరిశీలించవచ్చనీ సుప్రీంకోర్టు 2023 జనవరి 31న చెప్పింది. కస్టడీలో ఉన్న ఎవరికైనా ఉచిత న్యాయ సహాయం హక్కు, దాని నంబరు 15100. ఖైదీ ఊళ్లో ఉన్న అమ్మకు ఫోన్ చేసి ఏ కాగితాలు తేవాలో తెలుగులో చెప్పడం కూడా చెరసాలలో ఉన్నవాడిని చూడడానికి వెళ్లడమే.

విందు సంగతి ఒక్క ముక్క. లూకా 14:12 నుంచి 14 చదివాక క్రిస్మస్ ప్రేమ విందు ఆహ్వాన పత్రికల జాబితా మళ్లీ చూడండి. ముందు వరస కుర్చీలకు తెల్ల గుడ్డ, వెనక వరసకు ప్లాస్టిక్ స్టూళ్లు వద్దు.

ఇవన్నీ ఒకే ఏడాది మొదలుపెట్టమని మేం అడగడం లేదు. లెక్కింపు చీటీ వచ్చే ఆదివారం నుంచి, 1098 గోడ మీదికి ఈ వారమే, సహాయ నిధి బడ్జెట్ సభలో, మిగతావి ఆరు నెలల్లో ఒకటొకటిగా. తీర్మానాల ముసాయిదా తెలుగులోనూ తమిళంలోనూ రాయించండి. మన పిల్లల్లో చాలామంది తెలుగు మాట్లాడతారు గాని చదవలేరు, రేపు లెక్క అడగాల్సింది వాళ్లే. సంఘ సభకు పది రోజుల ముందు నోటీసు బోర్డు మీద పెట్టండి. అభ్యంతరాలు రాతపూర్వకంగా తీసుకోండి. సభలో చేతులెత్తించి కాదు, చీటీలతో ఓటు పెట్టండి, ఎందుకంటే కాపరిగారి ముందు చెయ్యి దించే ధైర్యం అందరికీ ఉండదు. ఓట్ల సంఖ్య కూడా మినిట్స్‌లో రాయండి.

ఇట్లు,
ప్రభువు సేవలో మీ సహోదరులు, సహోదరీలు,
చెన్నై తెలుగు సంఘాల విశ్వాసులు కొందరు